గేటు లోపలి మ్యాపు

మా మరిది ఎజ్రా పేరు ఇంటర్నెట్లో పడిన రోజు మా అత్తమ్మ జయశీల వాడకట్టంతా తిరిగి చక్కెర పంచింది. కొత్తగా వేయబోయే రోడ్డు కోసం పెట్టిన వెబ్‌సైటు అది. పేజీ అడుగున ఆవగింజంత అక్షరాల్లో తయారుచేసిన కంపెనీ పేరూ, దాని పక్కన ఎజ్రా పేరూ ఉన్నాయి. నేను వేళ్ళతో పెద్దది చేసి చూపిస్తే ఆవిడ ఫోను అద్దానికి ముద్దు పెట్టింది. ఆ రోజు నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు ఆ ముద్దు గుర్తొస్తే నవ్వు రాదు.

అప్పుడు శ్రమ దినాలు మొదలయ్యాయి. ఈస్టరుకు ముందు ఆ నలభై రోజులూ మా సంఘం వాళ్ళు ఒక్కో సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటారు. మా ఊరు మంఖాల్ అవతల, శ్రీశైలం రోడ్డుకు లోపలగా ఉంటుంది. ఇంట్లో నలుగురం: అత్తమ్మ, ఎయిర్‌పోర్టు సరుకుల గోదాములో పనిచేసే నా భర్త మార్కు, శంషాబాద్‌లో బడిపంతులమ్మనైన నేను, అందరికంటే చిన్నవాడు ఎజ్రా. మామయ్య పోయి కొన్నేళ్ళయింది. ఊరి చివర సమాధుల తోటలో ఉన్నాడు.

రోడ్డు సంగతి పంచాయతీ గోడకు అంటించిన కాగితంతో తెలిసింది. శ్రీశైలం రోడ్డు నుంచి ఎయిర్‌పోర్టు వెనక వైపుకు అడ్డంగా వంద అడుగుల రోడ్డు వస్తుందట. ఏ భూమి మీదుగా పోతుందో మ్యాపులు వెబ్‌సైటులో చూసుకోవాలట. అభ్యంతరం ఉన్నవాళ్ళు ఆ మ్యాపులోనే తమ జాగా మీద వేలు పెట్టి ఒత్తి, కారణం రాసి పంపాలట. గుడ్ ఫ్రైడే ముందు రోజు దాకా గడువు. కాగితాలు తీసుకోరు.

పట్టా ఉన్నవాళ్ళకు భయం లేదు, వాళ్ళకు ఇంటికే నోటీసు వస్తుంది. భయమంతా పట్టా లేని వాళ్ళది. మా సమాధుల తోటకు పట్టా లేదు. మా తాతల కాలంలో ఒక దొర నోటిమాటగా చూపించిన జాగా అది. ఆయన పోయాడు, ఆయన భూములన్నీ ప్లాట్లయ్యాయి, మా తోట మాత్రం మూడు వైపులా వెంచర్ల ప్రహరీ గోడల మధ్య ఇరుక్కుని మిగిలింది. దాని మీదుగా రోడ్డు గీత పోతే ఎవరికీ నోటీసు రాదు. ఒక పొద్దున బుల్డోజరు వస్తుంది, అంతే. అది తెలుసుకోవడానికి ఉన్న ఒకే ఒక్క దారి ఆ మ్యాపు.

ఆ మ్యాపు ఎవరి ఫోనులోనూ రాలేదు.

పేజీ వచ్చేది. అక్షరాలు వచ్చేవి. మ్యాపు ఉండాల్సిన చోట మాత్రం బూడిదరంగు డబ్బా, దాని మధ్యలో చినిగిన బొమ్మ గుర్తు. కింద ఉన్న ఫైలు ఒత్తితే చక్రం తిరిగీ తిరిగీ ఆగిపోయేది. ప్రార్థనలో ఆమెన్ అన్నామో లేదో అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేవి. నీకొచ్చిందా అంటే నీకొచ్చిందా అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. పాస్టరుగారి ఫోనులోనూ అదే డబ్బా.

ఇగ ఎజ్రా ఉన్నాడు కదా అన్నారు. ఉన్నాడు. పెళ్ళికొడుకులా చాప మధ్యలో కూర్చునేవాడు, ఫోన్లన్నీ వాడి ముందుకు వచ్చేవి. మొదట ఫోను ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. పెట్టారు. సిమ్ము మార్చి చూడమన్నాడు. మార్చారు. బ్రౌజరు పాతదన్నాడు, తనే కొత్తది ఎక్కించాడు. ఫోనులో చెత్త నిండిందన్నాడు, చెత్తంతా తుడిచాడు. మేడ మీదికి పోతే సిగ్నల్ బాగుంటుందంటే సగం సంఘం మా మేడ మెట్లెక్కింది. దవాఖానలో డాక్టరు చెప్పినా అంత శ్రద్ధగా వినరు మా వాళ్ళు. డబ్బా మాత్రం డబ్బాలాగే ఉంది.

అత్తమ్మకు వాడు చెప్పిన జబ్బు వేరు. "నీ ఫోను పాతదమ్మా. కొత్తది కొనుక్కో, అదే వస్తది," అన్నాడు. నా భర్త తల్లి మాట కంటే తమ్ముడి మాట బాగా వింటాడు. మరునాడే మెరిసే కొత్త ఫోను తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. అందులో డబ్బా ఇంకా పెద్దగా, ఇంకా నున్నగా వచ్చింది.

దుర్గవ్వ సంగతి చెప్పాలి. చెప్పాలంటే నోరు చేదవుతుంది, అయినా చెప్పాలి. మా వెనక వీధిలో ఒంటరిగా ఉండే ముసలామె. తెల్లకాగితం మీద కొన్న ఒక చేను మూల, అందులో ఒక బోరు, ఆమెకు ఉన్నదల్లా అదే. తన బోరు మీదికి రోడ్డు వస్తుందో లేదో చూసిపెట్టమని ఎజ్రా దగ్గరికి వచ్చింది. వాడు అటూ ఇటూ ఒత్తి, విసిగిపోయి, ఫోను రీసెట్ చేస్తే వస్తుందన్నాడు. అంటే ఏందో ఆమెకు తెలియదు. వాడికి తెలుసు. చేశాడు. ఫోను కొన్ననాటి ఫోనులా శుభ్రంగా లేచింది, డబ్బా మాత్రం అట్లాగే వచ్చింది. ఆమె భర్త పోయినప్పటి నుంచి దాచుకున్న ఆయన ఫొటోలన్నీ పోయాయి.

నేను పక్కనే ఉన్నాను. మళ్ళీ తేవచ్చు కదా అని ఎజ్రాను అడిగాను. రావన్నాడు, తలెత్తకుండా. దుర్గవ్వ ఫోను తిప్పి తిప్పి చూసుకుంది, ఎక్కడో ఒక మూల ఇరుక్కుని ఉంటాయేమోనన్నట్టు. తర్వాత ఎజ్రా భుజం మీద చెయ్యి వేసింది.

"పోనీ బిడ్డా. మొఖం యాదికున్నది," అంది.

ఆ మాటకు వాడు ఏడుస్తాడనుకున్నాను. లేదు. తర్వాతి ఫోను తీసుకున్నాడు. అప్పుడే నాకు మొదటిసారి వాడి మీద ఏదో రోత లాంటిది పుట్టింది. సొంత మరిది, ఇంటర్ చదివేటప్పుడు నా చేతి అన్నం తిన్నవాడు, అలా అనుకోవడం తప్పని నన్ను నేనే కసురుకున్నాను.

గడువు దగ్గర పడుతోంది. ఒక శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక అత్తమ్మను తీసుకుని శంషాబాద్‌లోని రోడ్డు ఆఫీసుకు పోయాను. కిరాయికి తీసుకున్న పాత బంగళా, చుట్టూ ప్రహరీ, ముందర ఇనుప గేటు. వరండాలో బల్ల వేసుకుని జగన్ అనే గుమాస్తా ఉన్నాడు. అతని పేరు మాకు ముందే తెలుసు. జగన్ చెయ్యి పడితే ఫోను బాగవుతుందని చుట్టుపక్కల ఊళ్ళన్నిటా చెప్పుకుంటున్నారు. తాయెత్తు కట్టించుకోవడానికి వచ్చినట్టు వరండా నిండా జనం.

మా వంతు వచ్చింది. ఫోన్లు రెండూ తీసుకున్నాడు, ఏదో ఒత్తాడు, తిరిగి ఇచ్చాడు. మ్యాపు వచ్చింది. రంగులతో, గీతలతో, ఊళ్ళ పేర్లతో, ఎంత కావాలంటే అంత పెద్దదవుతూ. అత్తమ్మ స్తోత్రం అని రెండు చేతులూ ఎత్తింది. జగన్ ముఖంలో వెలుగు చూడాలి. మనిషి చెడ్డవాడు కాదు, నిజంగానే ఫోన్లు బాగుచేస్తున్నానని నమ్ముతున్నాడు.

"రోజూ ఇంతమందికి చేసిస్తున్న అక్కా. మీ ఊళ్ళల్ల సిగ్నల్ లేక పరేషాన్ అయితున్నరు గని, సైటు మంచిగున్నది," అన్నాడు.

వరండా చివర నిలబడి మా ఊరు వెతికాం. చెరువు కట్ట, బడి, గుడి, చర్చి. ప్రహరీ గోడల మధ్య మా తోట ఉండాల్సిన చోట ఆకుపచ్చ ముక్క, దాని మీద 'బంజరు' అని రాసి ఉంది. దాని నడుమ నుంచి ఎర్రగీత పోతోంది. అత్తమ్మ కొత్త ఫోను మీద గోరు పెట్టి, తోట మూల నుంచి లెక్కపెట్టుకుంటూ ఎర్రగీత మీద ఆగింది.

"ఇది మీ మామ పండుకున్న జాగ," అంది.

అభ్యంతరం ఇక్కడే పెట్టేస్తామని జగన్‌ను అడిగాను. ఇక్కడ చూసుకోవడం వరకేనని, అభ్యంతరాలు ఇంటి నుంచే పెట్టుకోవాలని, వెనక జనం ఉన్నారని చెప్పాడు. నిజమే కదా, మ్యాపు వచ్చింది కదా, ఇంటికి పోయి తీరిగ్గా రాద్దామని బయటికి నడిచాం. గేటు దాటి, ఎదురుగా సోడా బండి నీడన నిలబడ్డాం. అత్తమ్మ ఆ జాగా ఇంకోసారి చూస్తానంది. ఫోను తెరిచాను. బూడిదరంగు డబ్బా.

జగన్ దగ్గరికే పోదామని గేటు లోపలికి అడుగు పెట్టాను. మ్యాపు వచ్చింది. బయటికి వచ్చి మళ్ళీ తెరిచాను. డబ్బా. లోపలికి, మ్యాపు. బయటికి, డబ్బా. గేటు దగ్గరి వాచ్‌మన్ నాకు పిచ్చి పట్టిందనుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడు చూశాను, ఫోను నెత్తిన వైఫై గుర్తు. లోపలుంటే వెలుగుతోంది, బయటికొస్తే ఆరిపోతోంది. జగన్ చేసే వైద్యమంతా ఇదే. ఫోనును ఆఫీసు వైఫైకి కలుపుతాడు. మ్యాపులు అసలు ఇంటర్నెట్లో లేవు, ఆఫీసులోని ఏదో కంప్యూటర్లో ఉన్నాయి. ఆ ఆఫీసు గాలి తగిలినంత దూరమే అవి కనబడతాయి. కనబడటం లేదని మొత్తుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ గేటు లోపల కనబడతాయి, గేటు దాటగానే పోతాయి. తప్పు ఫోనుదే అనుకుని ఇంటికి పోతాడు.

ఇది నాకు తెలియడానికి నాలుగు అడుగులు ముందుకూ వెనక్కూ వేస్తే సరిపోయింది. ఆ పేజీ చేసినవాడికి తెలియదా?

తెలియదేమో అని నాకు నేనే చెప్పుకున్నాను, షేర్ ఆటో ఎక్కినప్పటి నుంచి ఇల్లు చేరేదాకా. చిన్నపిల్లవాడు, కొత్త ఉద్యోగం, పొరపాటు జరిగి ఉంటుంది, చెప్తే దిద్దుకుంటాడు. అత్తమ్మ మాత్రం దారి పొడుగునా కొత్త ఫోను ఒళ్ళో బోర్లించి పెట్టుకుంది.

ఆ సాయంత్రం నలుగురం అన్నానికి కూర్చున్నాం. ఎజ్రా ఫోను పళ్ళెం పక్కనే ఉంది.

"ఎజ్రా, నీ ఫోన్ల జర ఆ మ్యాపు తెరువు. మనూరి షీటు చూద్దాం," అన్నాను.

"ఛార్జింగ్ లేదు వదినా," అన్నాడు.

ఆ మాట అంటుండగానే ఫోను వెలిగింది, ఎవరిదో మెసేజ్. ఛార్జింగ్ నిండా ఉంది. నేను చూశాను, మార్కు చూశాడు, వాడి తల్లి చూసింది. దొంగకు తేలు కుట్టినట్టు వాడు తల దించుకుని పప్పులో అన్నం పిసుకుతూనే ఉన్నాడు. ఆ ముద్ద నోటికి పోలేదు.

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. మ్యాపులు బరువైనవట. అవి పెట్టడానికి ఇంటర్నెట్లో పెద్ద జాగా కిరాయికి తీసుకోవాలంటే వాళ్ళ ఓనరు వెంకట్ వద్దన్నాడట. రోడ్డు ఆఫీసు కంప్యూటర్లోనే పెట్టి పేజీని దానికి కలుపు, అభ్యంతరాలు వినే పెద్దసారు చూసేది అక్కడే కదా అన్నాడట. పెద్దసారు ఆఫీసులో కూర్చుని చూశాడు, బాగుందన్నాడు, పని అయిపోయిందని సంతకం పెట్టాడు. మొదటి వారంలోనే ఎజ్రాకు తప్పు తెలిసింది. వెంకట్‌కు చెప్పాడట. గడువు అయిపోతే పేజీయే తీసేస్తారు, ఎందుకు కెలుకుతావు, వచ్చే నెల నిన్ను పర్మినెంటు చేస్తున్నాను కదా అన్నాడట. కెలకలేదు.

మరి ఊరందరి ఫోన్లూ ఎందుకు కెలికావని అడిగాను. మేడ ఎందుకు ఎక్కించావు, అమ్మకు కొత్త ఫోను ఎందుకు కొనిపించావు, దుర్గవ్వ ఫోను ఎందుకు తుడిచావు అని అడిగాను.

"అందరు అడుగుతుంటే ఏదో ఒకటి చెయ్యాలె కద వదినా," అన్నాడు.

కంచే చేను మేసిందంటారు. ఈ కంచె చేను మేసి, పైగా రైతు ముందు కూర్చుని పురుగుల మందు చెప్పింది. ఇన్నాళ్ళూ ప్రార్థన చాప మీద ఆ ముఖం, ఆ ఓపిక, ఆ 'ఇటియ్యి పెద్దమ్మా' అనే తియ్యటి గొంతు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చి చేతిలో ముద్ద పళ్ళెంలో వదిలేశాను.

ఆ మ్యాపులో మన తోట ఎట్లా ఉందో చూశావా అని అడిగాను. చూడలేదన్నాడు. షీట్ల నెంబర్లు చూసి ఎక్కించడమే తన పని, తెరిచి చూసే అవసరం రాలేదట. ఎర్రగీత మీ నాయన మీదుగానే పోతోందని చెప్పాను. అప్పుడు మొదటిసారి తలెత్తి తల్లి వైపు చూశాడు. ముఖం పాలిపోయింది. ఇప్పుడు దారికి వస్తాడనుకున్నాను, అక్కడే నేను పొరబడ్డాను. గొంతు తగ్గించి అన్నాడు:

"మన తోటది ఒక్కటి నేను సోమవారం రోడ్డు ఆఫీసుల కూసోని పెట్టేస్త. మనది వస్తది. ఎవరికీ చెప్పకుర్రి. బయటికొస్తే నా నౌకరి పోతది."

మార్కు నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "పెట్టనియ్యి మరి. మన పనైతే చాలు," అన్నాడు.

నా మొగుడు కూడా అంతే. పదేళ్ళు కాపురం చేసిన మనిషి ఒక్క మాటలో పరాయివాడిలా కనబడ్డాడు. సమాధుల తోటకు అభ్యంతరం పోతుంది, దుర్గవ్వ బోరు పోతే పోనీ, వెనక వాడ వాళ్ళ ఇళ్ళు పోతే పోనీ. అన్నదమ్ములిద్దరూ పళ్ళేల మీద వంగి అన్నం తింటుంటే నాకు వాళ్ళ నోళ్ళ చప్పుడు కూడా సహించలేదు. అత్తమ్మ లేచి చెయ్యి కడుక్కుని తన మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది.

సోమవారం పొద్దున్నే తెల్లచీర కట్టింది. అది ఆవిడ పండుగలకూ చావులకూ కట్టే చీర. బడికి సెలవు పెట్టమని నాతో అంది. ఎజ్రా ఆఫీసుకు చేరకముందే మేం రోడ్డు ఆఫీసులో ఉన్నాం. జగన్ ఫోన్ల కోసం చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. పెద్దసారును చూడాలన్నాం.

పెద్దసారు పేరు భీమశంకరరావు. గుంటూరు వైపు మనిషి, రిటైరైన ఇంజనీరు, అభ్యంతరాలు వినడానికి వేసిన అధికారి. మర్యాదస్థుడు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. మ్యాపులు కనబడటం లేదని చెప్పగానే తన బల్ల మీది పెద్ద కంప్యూటరు మా వైపు తిప్పాడు.

"ఇంత స్పష్టంగా ఉంటే కనబడటం లేదంటారేంటమ్మా? ఇప్పటిదాకా ఒక్క అభ్యంతరం కూడా రాలేదండి. ప్రజలందరూ రోడ్డును స్వాగతిస్తున్నారని పైకి కూడా రాసి పంపాను," అన్నాడు.

స్వాగతిస్తున్నారట. మేడల మీద ఫోన్లు ఎత్తి పట్టుకుని తిరిగిన జనం నా కళ్ళ ముందు మెదిలారు. నేను నోరు తెరవబోయాను. అత్తమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"సారూ, మీ ఫోను పట్టుకొని జర గేటు దాక వస్తరా? ముసలిదాన్ని అడుగుతున్న," అంది.

ఎందుకో అర్థం కాకపోయినా లేచాడు. వరండాలో జనం దారి ఇచ్చారు. గేటు లోపల తన ఫోనులో పేజీ తెరిచాడు, మ్యాపు వచ్చింది, చూశారా అన్నట్టు మా వైపు చూశాడు. గేటు దాటి రమ్మంది అత్తమ్మ. దాటాడు. సోడా బండి దాకా తీసుకుపోయి మళ్ళీ తెరవమంది. తెరిచాడు. చాలాసేపు చూశాడు. జేబురుమాలు తీసి ఫోను అద్దం తుడిచాడు, కళ్ళజోడు తుడిచాడు, మళ్ళీ తెరిచాడు. వెనకే పరుగెత్తుకొచ్చిన జగన్, ఎండకు కనబడదు సార్, నీడకు రండి అన్నాడు. సోడా బండి అతను పుసుక్కున నవ్వాడు.

పెద్దసారు లోపలికి పోయి మళ్ళీ బయటికి వచ్చాడు. ఈసారి చూడాల్సిన అవసరం లేకపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. ఇన్ని రోజులూ ఎవరూ చెప్పలేదా అని జగన్‌ను అడిగాడు.

"మస్తు మంది చెప్పిండ్రు సార్. వచ్చినోళ్ళందరికి చేసిచ్చి పంపిన," అన్నాడు జగన్, మెప్పు కోసం చూస్తూ.

"ఈ పేజీ తయారుచేసింది ఎవరు?" అన్నాడు పెద్దసారు.

వెంకట్ కంపెనీ పేరు చెప్తే సరిపోయేది. నేను అదే చెప్పబోయాను. అత్తమ్మ కొంగు సర్దుకుంది.

"నా చిన్న కొడుకు సారూ. ఎజ్రా. తప్పు ఎరుకయ్యే చేసిండు," అంది.

వరండాలో మా ఊరివాళ్ళు కూడా నలుగురైదుగురు ఉన్నారు, అందరూ విన్నారు. చక్కెర తిన్న నోళ్ళే అవి. ఆవిడ వాళ్ళ వైపు కూడా చూసింది, కళ్ళు దించుకోలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, పోదాం పా బిడ్డా అంది.

గడువు ఈస్టరు తర్వాత ఇంకో నెల పెంచారు. ఊరు ఊరంతా మ్యాపు మీద వేలు పెట్టింది. వానలు పడేసరికి ఎర్రగీత మా తోటను వదిలి పక్కకు జరిగింది, దుర్గవ్వ బోరును కూడా వదిలింది. ఎజ్రా నౌకరి పోలేదు. అదీ చూడండి. వెంకట్ వాడిని పర్మినెంటు కూడా చేశాడు. ఇప్పుడు తొండుపల్లిలో కిరాయి గదిలో ఉంటున్నాడు, క్రిస్మస్‌కు ఫోను చేస్తాడు, మార్కు మాట్లాడతాడు. మార్కుకు నేను వండి పెడుతున్నాను. అంతకు మించి మా ఇద్దరి మధ్య ఏం మిగిలిందో నాకే సరిగ్గా తెలియదు. కానీ మా ఇల్లు విరిగింది ఈ రాకపోకల్లో కాదు. ఆ సోమవారం సాయంత్రమే, వంటింట్లో నేను చూస్తుండగా విరిగింది.

పెద్దసారు వెంకట్‌ను తిట్టాడు, వెంకట్ ఎజ్రాను తిట్టాడు, వెంటనే సరిచెయ్యమన్నాడు. ఎజ్రా సాయంత్రం ఇంటికి వచ్చి ఎవరి ముఖమూ చూడకుండా బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. మార్కు గుమ్మంలో నిలబడ్డాడు. అత్తమ్మ కొడుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. పొద్దున కట్టిన తెల్లచీర ఇంకా మార్చలేదు. ఎంతసేపు పడుతుందో, తెల్లారుతుందో ఏమో అనుకుని నేను చాయకు నీళ్ళు పెట్టాను.

వంటింట్లోంచి వాడి ల్యాప్‌టాప్ కనబడుతూనే ఉంది. కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేదు. బరువు తగ్గించి చిన్నవి చేసిన మ్యాపులన్నీ ఒక చోట సిద్ధంగా పెట్టి ఉన్నాయి. మొదటి వారంలోనే చేసి పెట్టుకున్నాడట, వెంకట్ ఒప్పుకుంటే ఎక్కిద్దామని. ఆయన ఒప్పుకోలేదు, అవి అక్కడే పడి ఉన్నాయి. ఇన్నాళ్ళూ, ఇన్ని ప్రార్థనల్లో, ఇందరి ఫోన్లు పట్టుకుని కూర్చున్నప్పుడూ, వాడి సంచిలో అక్కడే ఉన్నాయి. అన్నిటినీ ఒకేసారి ఎంచి పైకి ఎక్కించాడు. పేజీలో ఒక వరుస మార్చాడు.

"అయిపోయింది," అన్నాడు.

పొయ్యి మీద నీళ్ళు ఇంకా మరగలేదు.

అత్తమ్మ కొత్త ఫోను తీసి పేజీ తెరిచింది. మ్యాపు వచ్చింది. చర్చి నుంచి తోట దాకా వేలు జరిపి, ఎర్రగీత దగ్గర కొంచెంసేపు ఉంచింది. తర్వాత ఫోను బల్ల మీద పెట్టింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా," అన్నాడు ఎజ్రా.

"మొదటి సంది గింతేనా?"

వాడు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. తల్లి లేస్తుందని, తిడుతుందని, కొడితే కొట్టనీ అని వాడు ఎదురుచూస్తున్నట్టు నాకనిపించింది. ఆవిడ తిట్టలేదు. కుర్చీ గోడకు జరిపి, వంటింట్లోకి వచ్చి, నా పక్కన పొయ్యి ముందు నిలబడింది. నీళ్ళు మరిగేదాకా నిలబడే ఉంది.

"సునీలా, చాయ ముగ్గురికే పొయ్యి," అంది.

నేను మూడు గ్లాసులే దించాను.